రహ్మా పాడిన టేపు

నేను చప్పట్లు కొట్టే మనిషిని, పాడే మనిషిని కాను. ముప్పై ఒక్క ఏళ్ళు, ఫ్రాస్కీతో అనే మా ఆయన పక్కన కుర్చీ వేసుకుని, పన్నెండు దెబ్బల తాళం ఒక్కసారి తప్పకుండా చప్పట్లు కొట్టాను. పాడటం ఆయన వంతు, అరవడం విర్తూదెస్ వంతు అని స్పెయిన్ కొసన మా ఆల్హెసీరాస్ రేవులో అందరూ నవ్వుకునేవారు. నవ్వుకోనీ. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. ఆ నోటి వల్లా, నా తొందర వల్లా ఒక మంచివాడి ఇల్లు రెండోసారి బోసిపోయింది. రహ్మా గొంతు ఈ భూమ్మీద ఒకే ఒక్క టేపులో ఉండేది. దాన్ని నేను తగలబెట్టాను.

రహ్మా అంటే ముఫద్దల్ భార్య. ముఫద్దల్ సముద్రం అవతల మొరాకోలోని తెతువాన్ నుంచి పడవెక్కి వచ్చి మాతో వాయించే ఫిడేలు మనిషి. వాళ్ళ పద్ధతిలో ఫిడేలును గడ్డం కింద పెట్టడు, మోకాలి మీద పసిపిల్లను నిలబెట్టినట్టు నిలబెట్టి వాయిస్తాడు. మొదటిసారి చేపల వేలంపాక వెనక మా వాళ్ళ పెళ్ళిలో ఆ వాయింపు విన్న రోజున, పాట సగంలో ఆపేసి మా ఆయన అతని దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"ఒరేయ్, నీ ముత్తాతా నా ముత్తాతా ఎప్పుడో ఒకే పెళ్ళిలో తాగి కొట్టుకుని ఉంటారురా," అన్నాడు.

"మా ముత్తాత తాగడు. మీవాడే తాగొచ్చి మావాణ్ణి కొట్టుంటాడు," అన్నాడు ముఫద్దల్.

అంతే, ఆ రోజు నుంచి ఇద్దరూ విడిగా కనపడలేదు. ముఫద్దల్ నన్ను మొదటి పూటే అక్కా అని పిలిచాడు. దాంతో మా ఆయన అతన్ని బావా అని మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళు ఆ పిలుపు మారలేదు.

కలిసి వాయించడం అంటే మీరనుకున్నంత తేలిక కాదు. మొదటి రెండేళ్ళూ మా వంటింట్లో కొట్లాటలే. ముఫద్దల్ ఫిడేలు మీద ఒక స్వరం ఉండేది, అది గిటారు మెట్ల మీద దొరకదు. రెండు మెట్ల మధ్య ఎక్కడో దాక్కుంటుంది. గిటారు వాయించేవాడు తల బాదుకునేవాడు. తాళం సంగతి మరీ అన్యాయం. వాళ్ళ కొండ తాళం ఆరు, మాది పన్నెండు. ఆరును మడతపెట్టి రెండు చేస్తే పన్నెండవుతుంది కదా అంటారు లెక్కల పంతుళ్ళు. మడత ఎక్కడ పడాలన్నదే అసలు గొడవ. ఆ మడత కనిపెట్టింది నేను. ఒక మధ్యాహ్నం బంగాళదుంపలు చెక్కుతూ, వీళ్ళ అరుపులు భరించలేక, కత్తి పిడితో బల్ల మీద కొట్టి చూపించాను. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నా చెయ్యి వైపు చూశారు. ఇప్పుడు నలుగురూ గొప్పగా చెప్పుకునే ఆ కలయిక మా బంగాళదుంపల దగ్గర పుట్టింది. ఈ మాట ఏ పత్రికవాడూ రాయడు.

రహ్మా మా ఇంటికి వచ్చింది ఎనభై ఎనిమిది వేసవిలో. కొండ ఊరి పిల్ల. పెళ్ళికి ముందు కట్టెల మోపు వీపున కట్టుకుని తెతువాన్ సంతకి దిగేదట. మగవాళ్ళుంటే నోరు విప్పేది కాదు. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇద్దరమే ఉంటే మాత్రం ఆ పిల్ల నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. నాకు వాళ్ళ భాష రాదు, దానికి మా భాష ముక్కలు ముక్కలుగా వచ్చు. అయినా మా ఆయన గురకని ఎంత బాగా వెక్కిరించేదో, నేను కుర్చీలోంచి పడబోయాను.

పని చేస్తూ పాడేది. శనగలు ఏరుతూ పాడిన పాట ఒకటుంది. ఆడవాళ్ళు కట్టెలు మోస్తూ పాడుకునేది. అర్థం నాకు చెప్పింది:

కొండా, కొండా, కాస్త పక్కకి జరుగు,
మా అమ్మ వాకిలి నాకు కనపడనీ.
మోపు దించను, నీళ్ళు అడగను,
చూసి వెళ్ళిపోతాను.

గదిలో పడుకున్న మా ఆయన లేచి వచ్చి తలుపు అవతల నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఆ మాత్రం మర్యాద తెలిసినవాడే.

"అమ్మా రహ్మా," అన్నాడు తలుపు అవతల నుంచే. "ఆ పాట నేర్చుకోవాలని ఉందమ్మా. టేపు పెట్టనా?"

పిల్ల నా మొహం చూసింది. నేను నీ ఇష్టం అన్నట్టు భుజాలెగరేశాను. శనగల గిన్నె పక్కన పెట్టి అంది, "పెట్టన్నా. కానీ నా గొంతు ఇల్లు దాటకూడదు. నువ్వు విను, మా ఆయన వింటే వింటాడు. బయటి మగవాడి చెవిన పడితే మా అన్నలు నన్ను చంపుతారు. పాట నీదే, గొంతు నాదే."

"నా తల్లి మీద ఒట్టు," అన్నాడు మా ఆయన.

మాట నిలబెట్టుకున్నాడు. రెండో టేపు తీయలేదు. ఎవరు బతిమాలినా వినిపించలేదు. అది ఒక నీలం బిస్కెట్ల డబ్బాలో, ఆయన సొంత టేపుల మధ్య ఉండేది. పాటను మాత్రం తనదిగా చేసుకున్నాడు. మా మాటల్లోకి మార్చి, మా పద్ధతిలో గుండెలవిసేలా సాగదీసి పాడాడు. ముఫద్దల్ ఫిడేలు కింద నుంచి ఆ కొండ స్వరాన్ని మోసేది. నా చప్పట్లు ఆ మడత మీద పడేవి. దానికే మాకు పేరొచ్చింది. రికార్డు వచ్చింది. మార్సెయ్ అనీ, లిస్బన్ అనీ ఎక్కడెక్కడికో తిప్పారు. మూడు వందల సార్లు పాడి ఉంటాం ఆ పాట. లోకంలో ప్రతి సారాకొట్టులోనూ మా ఆయన గొంతు ఉంది. రహ్మా గొంతు మాత్రం మా అల్మారాలో ఉంది.

రహ్మా తొంభై ఆరు వసంతంలో పోయింది. మూత్రపిండాలు. ఏడు వారాల్లో అంతా అయిపోయింది. మేమిద్దరం తెతువాన్ వెళ్ళాం. ముఫద్దల్ వాకిట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలు లేరు వాళ్ళకి. ఆమె ఫోటో ఒక్కటే ఉంది, గుర్తింపు కార్డు మీద, ఎవరో తిట్టినట్టు మొహం పెట్టుకున్న ఫోటో.

మా ఆయన అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. "బావా, టేపు నా దగ్గర ఉంది కదరా. తెచ్చిస్తా," అన్నాడు.

"ఇప్పుడు వద్దు బావా. ఇప్పుడు వింటే నేను బతకను."

"సరే. ఎప్పుడు వినగలననుకుంటే అప్పుడు ఒక్క మాట చెప్పు. నేనే పడవెక్కి తెస్తా."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఈ రెండు చెవులతో విన్నాను. ఇది గుర్తుంచుకోండి. తెలియక చేశానని తప్పించుకోవడానికి నాకు దారి లేదు.

మరుసటి ఏడు నవంబరులో మా ఆయన ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. అంత గొంతున్నవాడు చివరికి గుసగుసగా మిగిలాడు. పోయేముందు గురువారం పొద్దున, నేను చెంచాతో సూపు పడుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"విర్తూ. ఆ నీలం డబ్బా..."

"నోరు మూసుకుని తాగు," అన్నాను.

"బావకి..."

"బావకీ లేదు బామ్మకీ లేదు. పోయేవాడిలా అప్పగింతలు పెడతావేంటి? తాగు ముందు!"

మాలో రోగి దగ్గర చావు మాట ఎత్తరు. రోగి ఎత్తితే పక్కవాళ్ళు తిట్టి ఆపేస్తారు. తిడితే చావు సిగ్గుపడి పోతుందని మా అమ్మ అనేది. నేను బాగా తిట్టాను. ఆయన నవ్వి, సూపు తాగాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. శనివారం పోయాడు.

మా హితానోల, అంటే స్పెయిన్ జిప్సీల, ఇంట్లో చావంటే ఏమిటో మా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నలుపు కట్టాం. రేడియో తీసి అటక మీద పడేశాం. మగవాళ్ళు గడ్డాలు పెంచారు. మాంసం లేదు, సారా లేదు, పాట లేదు, చప్పట్లు లేవు. ఏడాది ఇంటిల్లిపాదికీ అంతే. విధవకి ఎప్పటిదాకా అన్నది ఎవరూ చెప్పరు. మా అత్త ఇరవై ఆరేళ్ళు నలుపులోనే ఉండి అందులోనే పోయింది. ఇక పోయినవాడి వస్తువులు. వాటిని ఉంచుకుంటే మనిషి వెళ్ళలేక ఇంటి చుట్టూ తిరుగుతాడు. పాతిపెట్టిన రోజే, పొద్దుగూకేలోపు, భార్య చేతి మీదుగా కాల్చెయ్యాలి.

ఇవన్నీ పట్టుబట్టి జరిపించేది మా ఆడబిడ్డ రోసెండా. ఫ్రాస్కీతో కన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. తల్లిలా పెంచింది. ఇంటి వెనక వాగు ఒడ్డున చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"తెరవొద్దే. వాసన చూడొద్దు. ఏది ఎన్నున్నాయో చూడొద్దు. చూశావా, వాడు నీ కొంగు పట్టుకుని కూర్చుంటాడు," అంది.

పట్టుకుని కూర్చుంటే బాగుండనిపించింది. కానీ ఆమె మాట కాదనే ఓపిక లేదు. కోట్లు, బూట్లు, గడ్డం కత్తి, టోపీలు, కుర్చీ, అన్నీ పోయాయి. నేను అల్మారాలోంచి తీసి గుమ్మంలో పెడుతున్నాను. ముఫద్దల్ మోసుకెళ్తున్నాడు. అవును, ముఫద్దలే. పొద్దున్నే మొదటి పడవకి వచ్చాడు, శవాన్ని మోశాడు, ఇప్పుడు ఇవి మోస్తున్నాడు. వాళ్ళలో ఇలా కాల్చడం లేదు. బట్టలు బీదవాళ్ళకి ఇస్తారు. అయినా ఒక్క ప్రశ్న అడగలేదు. నీలం డబ్బా నేనే అతని చేతుల్లో పెట్టాను. నా కళ్ళల్లో నీళ్ళు, తలలో ఏమీ లేదు. ఆయన టేపులు, కాలిపోవాలి, అంతే. అందులో ఇంకొకరి మనిషి ఉందని ఆ క్షణంలో తట్టలేదు. ఒట్టు, తట్టలేదు.

మూడో రోజు పొద్దున శనగలు నానబెట్టడానికి గిన్నెలో పోశాను. రాళ్ళు ఏరుతున్నాను. అప్పుడు తట్టింది. గిన్నె అక్కడే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా వాగు ఒడ్డుకి పరుగెత్తాను. బూడిదని చేతులతో కెలికాను. కరిగి ముద్దైన నల్లటి ప్లాస్టిక్ దొరికింది, డబ్బా మూత దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కాబోలు. అక్కడే కూలబడి ఏడ్చాను. మొగుడి కోసం ఏడుస్తున్నానని చుట్టుపక్కలవాళ్ళు జాలిపడ్డారు.

సాయంత్రం రోసెండాకి చెప్పాను. ఆమె శిలువ గుర్తు వేసుకుంది.

"అయ్యో దేవుడా. మరి వాడికి ఏం చెప్తావే?"

"నిజం చెప్తాను."

"పిచ్చిదానా! మొన్ననే పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు. నీ చేత్తో కాల్చానంటే ఇంకోసారి చస్తాడు. చెమ్మకి టేపు పాడైపోయిందని చెప్పు. సముద్రపు గాలికి పాడవ్వవా ఏంటి? ఇంట్లో ఇనుమే తుప్పు పట్టి రాలిపోతోంది."

ఆ ఏడాదంతా నేను పడవల వేళలు చూస్తూ బతికాను. మంగళవారం సంతలో దుప్పట్లు అమ్ముతుంటే, ఎదురుగా ఎవరైనా పొడుగాటి మనిషి నడిచొస్తే తల దించుకుని మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెట్టేదాన్ని. తూర్పుగాలి లేచి పడవలు ఆగిపోయిన రోజున మాత్రం కంటినిండా నిద్రపోయేదాన్ని. సిగ్గులేని నిద్ర. ముఫద్దల్ రాలేదు. నెలకో ఉత్తరం ఎవరిచేతో రాయించి పంపేవాడు: ఆరోగ్యమా, కాలి నొప్పి తగ్గిందా, రోసెండా బావుందా. టేపు మాట లేదు, పాట మాట లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అతను అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

ఏడాది నిండిన మర్నాడు, ఆదివారం, పదకొండు గంటలకి తలుపు చప్పుడైంది. ముఫద్దల్. చంకలో ఫిడేలు పెట్టె, చేతిలో పుదీనా కట్ట. మనిషి సగమయ్యాడు. తెల్లగా గడ్డం, ఛాతీ దాకా.

"ఈ గడ్డమేంటి తమ్ముడూ?" అన్నాను.

"ఏడాది దాకా మీ మగవాళ్ళు గీసుకోరు కదా అక్కా. బావకి నేను బయటివాణ్ణా?" అన్నాడు. "ఫిడేలు కూడా ముట్టలేదు. నిన్నటితో తీరింది కదా అని ఇవ్వాళ తెచ్చాను. తీగలన్నీ వదులైపోయుంటాయి."

మా ఆయన సొంత మేనల్లుడు నాలుగో నెలకే గీయించుకుని పెళ్ళికి పోయాడు. వీడు సముద్రం అవతల, అడిగేవాడు లేని చోట, ఏడాది గీసుకోలేదు.

వంటింట్లో కూర్చోబెట్టాను. టీ పెట్టుకున్నాం. ఊళ్ళో సంగతులు చెప్పాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, దానిలోకి చూస్తూ అన్నాడు, "అక్కా, ఇప్పుడు వినగలననుకుంటున్నా."

"ఏది?" అన్నాను. ఏదో తెలియనట్టు! నా నోరు పడిపోను.

"రహ్మా టేపు. మీ మైలలో పాట మాట ఎత్తకూడదని ఆగాను. పోయిన చలికాలం నుంచి ఒక ఇబ్బంది అక్కా. ముందు ఆమె మాటలు చెవిలో వినపడేవి. కసిరితే కసిరినట్టు, పిలిస్తే పిలిచినట్టు. ఇప్పుడు మాటలు గుర్తున్నాయి, గొంతు రావట్లేదు. నాకే నేను చదువుకున్నట్టుంది. ఒక్కసారి వింటే మళ్ళీ పట్టుకుంటా. ఒక్కసారి చాలు."

ఏడాది పాటు బట్టీ పట్టిన అబద్ధం నోటికి వచ్చేసింది. "చెమ్మకి పాడైపోయింది తమ్ముడూ. టేపంతా అంటుకుపోయింది."

అతను తల ఊపాడు. కొంతసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి అన్నాడు, "నువ్వేం బాధపడకక్కా. తప్పు నాది. బావ ఇస్తానన్నప్పుడే తీసుకోవాల్సింది. నీ ఇంట్లో నీ దుఃఖమే నీకు బోలెడుంది, మా టేపు ఎండలో పెట్టుకుంటూ కూర్చుంటావా?"

తిట్టి ఉంటే అబద్ధం నిలిచేది. ఓదార్చాడు. నా వల్ల కాలేదు.

"పాడవ్వలేదు," అన్నాను. "కాల్చేశాను. ఆయన టేపులతో పాటు కాల్చేశాను. నాకు గుర్తుండాల్సింది, ఆయన చెప్పబోతే నోరు మూయించాను. నీలం డబ్బా తమ్ముడూ. నీ చేతుల్లో నేనే పెట్టాను."

ముఫద్దల్ చెయ్యి నా చేతి మీదే ఉంది. అది చల్లబడటం నాకు తెలిసింది.

"గలగలమంది," అన్నాడు చివరికి. "మోస్తుంటే లోపల గలగలమంది. బిస్కెట్లేమో అనుకున్నా."

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి చూశాను ఆ మనిషి ఏడవడం. పెద్దగా ఏమీ లేదు, భుజాలు కదలడం, అంతే. క్షమించమనడానికి మొహం లేదు. అప్పుడు ఒకటి అనిపించింది. ఆ టేపు విన్నది ముగ్గురం. ఒకడు పోయాడు. ఆమె పక్కన కూర్చుని, ఆమె నోటి నుంచి వచ్చిందాన్ని వచ్చినట్టు విన్నది నేను ఒక్కదాన్నే. మా ఇంట్లో ఉన్న రెండు వారాలూ రోజూ విన్నాను. నా చెవి చెవి కాదా? పన్నెండు దెబ్బల్లో సగం దెబ్బ తేడా వస్తే పట్టే చెవి.

"నేను పాడతాను," అన్నాను.

తల ఎత్తాడు. "నువ్వా? నలుపులో ఉన్నావక్కా. వద్దు. రోసెండా ఊరుకోదు."

"రోసెండా సంగతి నాకొదిలెయ్. పాడటం నాకు రాదు. కానీ ఆ పిల్ల ఎలా పాడిందో అలా అంటాను. గొంతు నాది కాకి గొంతే. దారి ఆమెది. నువ్వు కళ్ళు మూసుకుని దారి పట్టుకో."

కిటికీ మూశాను. దేవుడా, ఫ్రాస్కీతో, క్షమించు అనుకున్నాను. మొదలుపెట్టాను. అరబ్బీ మాటలు, అర్థం తెలిసి కొన్ని, తెలియక కొన్ని, అన్నీ గుర్తున్నాయి. కొండా, కొండా, కాస్త పక్కకి జరుగు. అంతవరకు బాగానే ఉంది. ముఫద్దల్ కళ్ళు మూసుకున్నాడు. మా అమ్మ వాకిలి... వాకిలి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే పైకి లేచింది. లేచి, విరిగి, మూడు మెట్లు దొర్లుకుంటూ కిందికి దిగింది. అది మా ఆయన. మూడు వందల సార్లు ఆయన పక్కన కూర్చుని, ఆ దొర్లుడు కోసం చప్పట్లు ఆపి కాచుకున్నదాన్ని కదా, నాకు తెలియదా.

ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి అన్నాను. వాకిలి దగ్గర మళ్ళీ అదే. మూడోసారి మెల్లిగా, అడుగు అడుగు చూసుకుంటూ వెళ్ళాను. రహ్మా అక్కడ కిందికి దిగేదా? చప్పున ఆపేసేదా? ఊపిరి తీసుకునేదా? శనగల గిన్నె కనపడుతోంది, ఆమె వేళ్ళు కనపడుతున్నాయి, కొంగుతో మొహం తుడుచుకోవడం కనపడుతోంది. వినపడటం లేదు.

"అది బావ గొంతు," అన్నాడు ముఫద్దల్ కళ్ళు తెరవకుండానే.

"తెలుసయ్యా! నాకు తెలియదా? ఆమె అక్కడ ఏం చేసేదో చెప్పు మరి. నీ పెళ్ళాం కదా!" నా మీద నాకున్న కోపం అతని మీద అరిచాను.

అతను ఫిడేలు పెట్టె తెరిచాడు. తీగలు బిగించుకోవడానికి చాలాసేపు పట్టింది. మోకాలి మీద నిలబెట్టి, ఒళ్ళంతా చెవి చేసుకుని మొదలుపెట్టాడు. కొండ తాళంలో, గిటారు రాని రోజుల్లోలాగా. నా చేతులు లేవబోతే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వాకిలి దగ్గరికి వచ్చాడు. కమాను పైకి లేచి, విరిగి, మూడు మెట్లు దిగింది.

కమాను తీగల మీదే ఆపేశాడు. మళ్ళీ ప్రయత్నించలేదు.

"నాకూ అదే వస్తోందక్కా," అన్నాడు. "పెళ్ళై వచ్చిన కొత్తలో పక్క గదిలోంచి రోజూ వినేవాణ్ణి. నాకూ అదే వస్తోంది."

కలిపాం, కలిపాం అని ఊరూరా తిరిగి గొప్పలు చెప్పుకున్నాం. పాలల్లో నీళ్ళు కలిపినవాడే మళ్ళీ విడదీయమంటే ఎక్కడ తెస్తాడు? నేను కాల్చింది టేపునే. ఆమె గొంతును మేం ముగ్గురం అంతకుముందే, ప్రతి రాత్రీ, జనం చప్పట్ల మధ్య కొంచెం కొంచెంగా చెరిపేశాం. టేపు ఉండి ఉంటే ఆ తప్పు దిద్దుకునేవాళ్ళం.

ధన్‌మని తలుపు తెరుచుకుంది. రోసెండా. పక్కింటి నుంచి పాట విని, చేతిలో చీపురుతోనే వచ్చింది.

"సిగ్గులేదటే నీకు? తమ్ముడి మట్టి ఆరిందో లేదో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "వాడి గొంతు విన్నానే గోడ అవతల నుంచి. వాడే అనుకున్నా. నా తమ్ముడే ఇంట్లో పాడుతున్నాడనుకున్నా." చీపురు గోడకి ఆనించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని, చిన్నపిల్లలా అడిగింది, "ఇంకోసారి అనవే. ఒక్కసారి."

నేను ముఫద్దల్ వైపు చూశాను. ఏ మొహం పెట్టుకుని పాడను? అతను వెతుక్కుంటూ వచ్చింది దొరకలేదు. అతని ఎదురుగా కూర్చుని మా మనిషిని మేం పిలుచుకోవాలా?

"పాడక్కా," అన్నాడు అతనే. ఫిడేలు మళ్ళీ మోకాలి మీదకి తీసుకున్నాడు. "బావైనా ఉండనీ."

పాడాను. ముఫద్దల్ కింద నుంచి మోశాడు. రోసెండా వేలి ముడులతో బల్ల మీద తాళం వేసింది, ఏడుస్తూ, ఒక్క దెబ్బ తప్పకుండా. వాకిలి దగ్గర నా గొంతులో మా ఆయన లేచి నిలబడ్డాడు. ఏడాదిగా ఇంట్లో లేని మనిషి వచ్చి, కుర్చీ లేకపోయినా కూర్చున్నట్టే ఉంది. ఆ సంతోషాన్ని దాచుకోవడం నాకు చేతకాలేదు. నాలుగుసార్లు పాడించింది రోసెండా. నాలుగుసార్లూ ముఫద్దల్ వాయించాడు.

తర్వాత ఫిడేలు పెట్టెలో పెట్టుకుని, రోసెండా చెయ్యి ముద్దు పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళొస్తానన్నాడు. భోజనం చేసి వెళ్ళమన్నాను. ఆకలి లేదన్నాడు. మా మనిషిని మాకు తెచ్చి ఇచ్చి, తన మనిషి లేకుండా ముఫద్దల్ రెండు గంటల పడవకి వెళ్ళిపోయాడు.